జార్ బాంబా 50 మెగాటన్నులు, బ్రావో 15: మరి అణుధూళి బ్రావోదే ఎక్కువ ఎందుకు?

కొత్తచూపు:

వాతావరణంలో జరిగిన హైడ్రోజన్ బాంబు పరీక్షల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ఒకచోట లెక్క కుదరడం లేదు. వీడియోలన్నీ 1961 అక్టోబరు 30న సోవియట్ యూనియన్ ఆర్కిటిక్‌లోని నోవాయా జెమ్ల్యా దీవుల మీద పేల్చిన 50 మెగాటన్నుల బాంబు చుట్టే తిరుగుతాయి. అణుధూళి (పేలాక నేలకు రాలే వికిరణ ధూళి) గురించి రాసినవాళ్ళు మాత్రం 1954 నాటి అమెరికా పరీక్ష కాజిల్ బ్రావో దగ్గర ఆగిపోతారు. అది 15 మెగాటన్నులే కదా, మూడో వంతు కూడా లేదు. మరి దాని వల్లే అంత మంది ఎందుకు దెబ్బతిన్నారు? పసిఫిక్‌లోని మార్షల్ దీవుల్లో ఒకటైన రాంగెలాప్ వాళ్ళను ఆలస్యంగా తరలించారంటారు, ఆ ఆలస్యం వల్ల నిజంగా ఎంత తేడా పడింది? ఇన్ని పరీక్షల ధూళి చివరికి ఎక్కడ దిగింది, మన వైపు కూడా పడిందా? వివరంగా తెలిసినవారు చెప్పండి.

పగడపుదిబ్బ:

మెగాటన్నులు పేలుడు ఎంత పెద్దదో చెబుతాయి, అంతే. అణుధూళి సంగతి తేలాలంటే ఇంకో మూడు చూడాలండి: ఆ శక్తిలో విచ్ఛిత్తి (బరువైన కేంద్రకాలు పగలడం) వాటా ఎంత, అగ్నిగోళం నేలను తాకిందా, ఆ రోజు పైన గాలి ఎటు వీచింది.

ముందు విచ్ఛిత్తి. అయోడిన్-131, స్ట్రాన్షియం-90, సీజియం-137 లాంటివన్నీ యురేనియం, ప్లుటోనియం కేంద్రకాలు పగిలినప్పుడు మిగిలే ముక్కలు. సంలీనంలో, అంటే తేలిక కేంద్రకాలు కలిసినప్పుడు, అవి పుట్టవు. బ్రావో 15 మెగాటన్నుల్లో సుమారు 10 విచ్ఛిత్తి నుంచే వచ్చాయి. సోవియట్ బాంబును మొదట 100 మెగాటన్నులకు అనుకున్నారు, కానీ పరీక్షకు తెచ్చేటప్పుడు అందులో యురేనియం ఉండాల్సిన భాగాల్లో సీసం పెట్టారు. దాంతో శక్తి సగమైంది, అందులో 97 శాతం సంలీనానిదే అయింది. 50లో 3 శాతం అంటే ఒకటిన్నర మెగాటన్ను. అంటే విచ్ఛిత్తి ముక్కల వరకు చూస్తే బ్రావోయే ఆరేడు రెట్లు పెద్దది. మీ లెక్క కుదరకపోవడానికి సగం కారణం ఇదే.

మిగతా సగం ఎత్తు. జార్ బాంబాను టీయూ-95 విమానం పదిన్నర కిలోమీటర్ల ఎత్తు నుంచి పారాషూట్‌తో వదిలింది. నేలకు సుమారు 4 కిలోమీటర్ల ఎత్తున పేలింది. నేలను కొట్టి తిరిగొచ్చిన ఆఘాత తరంగమే అగ్నిగోళం అడుగుభాగాన్ని పైకి నెట్టేసింది, అది నేలను తాకలేదు. మట్టి పెద్దగా లేవలేదు. బ్రావోను బికినీ పగడపు దిబ్బ మీద, దాదాపు నేలమట్టంలోనే పేల్చారు. సుమారు 2 కిలోమీటర్ల వెడల్పు, 75 మీటర్ల లోతు గొయ్యి పడింది. ఆ గోతిలో ఉండాల్సిన పగడమంతా ఆవిరై, పొడై మేఘంలోకి వెళ్ళింది. పగడమంటే కాల్షియం కార్బొనేట్. ఆ వేడికి అది సున్నమైంది. మేఘం చల్లబడుతున్నప్పుడు విచ్ఛిత్తి ముక్కలు ఆ సున్నపు రేణువుల మీదే పేరుకున్నాయి. దీవుల మీద మంచులా రాలిన తెల్లపొడి అదే. జపాన్ పత్రికలు దాన్ని చావు బూడిద అన్నాయి.

వ్యాసంలో జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. బ్రావో ఆరు మెగాటన్నుల లోపే వస్తుందని దాన్ని రూపొందించిన లాస్ అలమోస్ ప్రయోగశాల అంచనా, వచ్చింది 15. ఇంధనంలోని లిథియంలో దాదాపు 40 శాతం లిథియం-6, మిగతాది లిథియం-7. ఆ రెండోది ఏమీ చేయదనుకున్నారు. వేగంగా దూసుకొచ్చిన న్యూట్రాన్లు దాన్నీ చీల్చి ట్రిటియం (సంలీనానికి ఇంధనమయ్యే బరువైన హైడ్రోజన్) పుట్టించాయి. ఇంతవరకు నిజం. కానీ చాలామంది ఇక్కడే ఆగి, రాంగెలాప్ నాశనానికి లిథియమే కారణం అని తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. ఆరు మెగాటన్నులే వచ్చినా అదే నేల, అదే గాలి. ధూళి కొంచెం తక్కువగా పడేదేమో కానీ వాళ్ళ మీదే పడేది.

గాలివాటు:

పై మాటతో ఏకీభవిస్తున్నాను. గాలి సంగతి నేను చెబుతాను.

పేల్చింది 1954 మార్చి 1 ఉదయం 6:45కి. ముందు రాత్రి జరిగిన సమీక్షల్లోనే గాలులు అనుకూలంగా లేవని, కొన్ని ఎత్తుల్లో తూర్పు వైపు తిరుగుతున్నాయని తెలుసు. అయినా వాయిదా వేయలేదు. మేఘం 40 కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. ఒకే మేఘం అనుకుంటాం గానీ అది ఒక్కో ఎత్తులో ఒక్కో గాలికి చిక్కుతుంది. రేణువు దిగుతూ దారిలో ఉన్న గాలులన్నిటి చేతా తోయించుకుంటుంది. అందుకే నేల మీది గాలిని చూసి అణుధూళి ఎటుపోతుందో చెప్పలేం. ప్రతి పొరలో గాలి వేగం, దిశ తీసుకుని, రేణువు ఆ పొరలో గడిపే సమయంతో గుణించి, అన్నిటినీ కలపాలి.

ఒక నమూనా లెక్క. 100 మైక్రాన్ల రేణువు సెకనుకు దాదాపు అర మీటరు దిగుతుంది. 15 కిలోమీటర్ల నుంచి నేలకు రావడానికి 30,000 సెకన్లు, అంటే ఎనిమిది గంటల పైన. 300 మైక్రాన్లదైతే రెండు గంటల్లో వచ్చేస్తుంది. రాంగెలాప్ బికినీకి తూర్పున 160 కిలోమీటర్ల అవతల ఉంది, అక్కడ పొడి రాలడం 4 నుంచి 6 గంటల్లో మొదలైంది. సగటున గంటకు 30 కిలోమీటర్ల చిల్లర గాలి చాలు. తుపానేమీ అక్కర్లేదు.

ఇక ఆలస్యం. రాంగెరిక్ దీవిలో 28 మంది అమెరికా వాతావరణ సిబ్బంది ఉన్నారు. వాళ్ళ కొలత పరికరం గంటకు 100 మిల్లీరాంట్‌జెన్ల వరకే చూపగలదు, ముల్లు ఆ చివరికి వెళ్ళి ఆగిపోయింది. వాళ్ళను మరుసటి రోజే తీసుకెళ్ళారు. రాంగెలాప్‌లో ఉన్న 64 మందిని మార్చి 3న, అంటే దాదాపు 50 గంటల తర్వాత తీసుకెళ్ళారు. ఐలింగినే దీవికి వెళ్ళి ఉన్న 18 మందినీ అదే రోజు, ఉటిరిక్ వాళ్ళను ఆ తర్వాత. శరీరం మొత్తానికి బయటి నుంచి తగిలిన గామా మోతాదు రాంగెలాప్‌లో 175 రెమ్‌లు (ఒంటికి తగిలే వికిరణానికి కొలమానం), ఐలింగినేలో 69, ఉటిరిక్‌లో 14 అని మొదట లెక్కగట్టారు. తర్వాతి లెక్కల్లో అంకెలు కొద్దిగా మారాయి, వరుస మారలేదు.

ముందే తరలిస్తే ఎంత తగ్గేది అన్నారు కదా. అణుధూళికి ఏడు-పది సూత్రం ఒకటుంది: సమయం ఏడు రెట్లయితే వికిరణ తీవ్రత పదో వంతుకు పడుతుంది. పేలిన గంటకు 100 ఉంటే 7 గంటలకు 10, 49 గంటలకు 1, రెండు వారాలకు 0.1. ఈ సూత్రాన్నే మొత్తం మోతాదుకు మార్చి, పొడి అంతా 5వ గంటకే పడిపోయిందని అనుకుంటే, అక్కడే జీవితాంతం ఉన్నవాడికి తగిలే మోతాదులో 10వ గంటకు 13 శాతం, 24వ గంటకు 27 శాతం, 50వ గంటకు 37 శాతం తగిలిపోయి ఉంటుంది. అంటే పదో గంటకే పడవెక్కిస్తే వాళ్ళకు అందినదాంట్లో మూడో వంతుతో బయటపడేవాళ్ళు. ఒక్క రోజుకు తీసుకెళ్ళినా పావు వంతు పైగా తగ్గేది. నిజంగా పొడి కొన్ని గంటలపాటు రాలుతూనే ఉంది కాబట్టి ఇది స్థూలమైన లెక్కే. ఈ సూత్రం పొడి రాలడం ఆగాకే పనిచేస్తుంది, ఆరు నెలలు దాటితే తప్పుతుంది. చాలామంది ఆ రెండు షరతులూ మరిచిపోతారు.

గామా లెక్క ఒక్కదానితో వ్యాసం ముగించకండి. పిల్లలకు అసలు దెబ్బ థైరాయిడ్‌కు తగిలింది. పొడి పడిన నీళ్ళు తాగారు, ఆరుబయట ఉన్న తిండి తిన్నారు. అయోడిన్ ఐసోటోపులు అలా లోపలికి వెళ్ళాయి. చిన్నపిల్లల గ్రంథి చిన్నది, అదే పరిమాణం అయోడిన్‌కు దాని మోతాదు పెద్దవాళ్ళకంటే చాలా ఎక్కువ. 1963లో మొదటి థైరాయిడ్ గడ్డ కనబడింది, ఆ తర్వాత వరుసగా బయటపడ్డాయి.

ఇంకోటి: జపాన్ చేపల పడవ డైగో ఫుకుర్యూ మారు నిషేధిత ప్రాంతంలోకి చొరబడిందని ఇప్పటికీ రాస్తుంటారు. అది ఆ గీతకు బయటే ఉంది. అందులో 23 మంది. మార్చి 14న యైజు రేవుకు చేరారు, వాళ్ళలో రేడియో ఆపరేటర్ కుబొయామా ఐకిచి సెప్టెంబరు 23న చనిపోయారు. పరీక్ష తర్వాత అమెరికా ఆ నిషేధిత ప్రాంతాన్ని ఎన్నో రెట్లు పెంచింది. పాత గీత సరిపోలేదని అదే చెబుతుంది.

కొత్తచూపు:

చాలా కృతజ్ఞతలు, ముఖ్యంగా ఆ శాతాల లెక్కకు. మరి బికినీ వాళ్ళ సంగతి? పేల్చడం ఆగిపోయి ఇన్నేళ్ళయినా అక్కడ కొబ్బరికాయ తినకూడదని చదివాను. గాలిలో, నేల మీద వికిరణం తగ్గిపోయినప్పుడు కాయలో ఎందుకుంటుంది?

మట్టిపరీక్ష:

కారణం పొటాష్. సీజియం, పొటాషియం ఒకే కుటుంబం. వేరుకు రెండిటి మధ్య తేడా పెద్దగా తెలియదు. మన దగ్గర మైకా జాతి బంకమట్టి ఉన్న నేలల్లో సీజియం ఆ పొరల మధ్య ఇరుక్కుపోతుంది, మొక్కకు అంతగా అందదు. పగడపు దీవిలో బంకమట్టే లేదు. ఉన్నది సున్నపు ఇసుక, దానిపైన ఆకులూ మట్టలూ కుళ్ళిన పలుచని పొర. అందులో పొటాషియం మరీ తక్కువ. ఆకలితో ఉన్న చెట్టు దొరికిన సీజియం-137ని లాగి కాయకు పంపుతుంది. కొబ్బరిపీతలు ఆ కాయల్ని తిని ఇంకా కూడబెడతాయి.

1946 మార్చిలో 167 మందిని అక్కడినుంచి రాంగెరిక్‌కు తీసుకెళ్ళారు. అక్కడ తిండి చాలలేదు, 1948లో కిలి దీవికి చేర్చారు. 1968లో బికినీ మళ్ళీ ఉండడానికి తగినదని అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ప్రకటించాడు. కొన్ని కుటుంబాలు తిరిగొచ్చాయి, కొత్తగా నాటిన తోటలు కాపుకొచ్చాయి. వాళ్ళ ఒంట్లో సీజియం పెరుగుతూ పోవడం కొలతల్లో కనబడి 1978లో మళ్ళీ ఖాళీ చేయించారు. నేల మీద గామా మీటరు పెట్టి చూసినవాళ్ళు తిండి దారిని తక్కువ అంచనా వేశారు.

పరిష్కారానికి రెండు దారులు పరీక్షించారు. ఒకటి, పైమట్టిని గీకి తీసేయడం. సీజియం పోతుంది, దాంతోపాటు ఆ దీవిలో ఉన్న సారమంతా పోతుంది, చెట్లు బతకవు. రెండోది, లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల వాళ్ళు తోటల్లో పొటాషియం క్లోరైడ్ చల్లి చూశారు, అంటే మన రైతులు వాడే ఎంఓపీయే. కాయల్లో సీజియం దాదాపు పదో వంతుకు పడిపోయింది, ఆ ప్రభావం ఏళ్ళ తరబడి నిలిచింది. అందుకని ఇళ్ళ చుట్టూ మట్టి తీసి పగడపు కంకర పోయడం, తోటల్లో పొటాష్ వేయడం, రెండూ కలిపి చేయాలని సూచించారు. స్ట్రాన్షియం-90 అక్కడ అంత సమస్య కాలేదు. నేలంతా కాల్షియమే కాబట్టి దానికి పోటీ ఎక్కువ.

పక్కనున్న ఎనెవెటాక్ మీద రాస్తే రునిట్ గుమ్మటాన్ని హైడ్రోజన్ బాంబు గొయ్యి అని రాయకండి. అది 1958లో కాక్టస్ అనే 18 కిలోటన్నుల పరీక్ష తవ్వినది. శుభ్రపరిచే పనిలో పోగైన మట్టిని అందులో పోసి 1980 నాటికి కాంక్రీటు మూత వేశారు. ఎనెవెటాక్‌లోనే 1952 నవంబరు 1న పేలిన 10.4 మెగాటన్నుల ఐవీ మైక్ ఎలుగెలాబ్ దీవిని మొత్తంగా మాయం చేసింది. ఆ గొయ్యి ఇప్పుడు సముద్రం కింద ఉంది.

అర్ధాయువు:

మిగిలిన ప్రశ్న: ధూళంతా ఎక్కడికి పోయింది, మన వైపు పడిందా. పడింది.

కిలోటన్నుల పేలుడు మేఘం సాధారణంగా ట్రోపో ఆవరణం దాటదు, వానలు దాన్ని కొన్ని వారాల్లో కడిగేస్తాయి. మెగాటన్నులది స్ట్రాటో ఆవరణంలోకి దూసుకెళ్తుంది. అక్కడ వాన లేదు. సన్నని రేణువులు ఏడాది, రెండేళ్ళు తిరిగి, మధ్య అక్షాంశాల దగ్గర, ముఖ్యంగా వసంతకాలంలో కిందికి జారి, వానతో నేలకు దిగుతాయి. అందుకే ఉత్తరార్ధగోళంలో ఎక్కడ పేల్చినా 40 నుంచి 50 డిగ్రీల మధ్య ఎక్కువ పడింది. తెలుగు నేల ఉన్న 10 నుంచి 20 డిగ్రీల పట్టీలో చదరపు మీటరుకు పడిన స్ట్రాన్షియం-90 అక్కడితో పోలిస్తే సుమారు మూడో వంతు.

ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ కమిటీ లెక్కలో వాతావరణ పరీక్షల మొత్తం శక్తి 440 మెగాటన్నులు, విచ్ఛిత్తి వాటా 189. ఆ 440లో 170 మెగాటన్నులు ఒక్క 1962లోనే. 1958 చివరి నుంచి అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ పరీక్షలు ఆపాయి, 1961 సెప్టెంబరు 1న సోవియట్ మళ్ళీ మొదలుపెట్టింది, ఆ తర్వాత రెండు వైపులా పోటీ. 1963 ఆగస్టు 5న మాస్కోలో పాక్షిక నిషేధ ఒప్పందం కుదిరింది, అది భూగర్భంలో తప్ప మిగతా చోట్ల పరీక్షలను నిషేధించింది. ఫ్రాన్స్, చైనా సంతకం చేయలేదు. ఫ్రాన్స్ 1974 వరకు, చైనా 1980 అక్టోబరు 16 వరకు గాలిలో పేలుస్తూనే ఉన్నాయి.

పైన పగడపుదిబ్బ గారు చెప్పినదానికి ఒక చేర్పు. సంలీనం ఎక్కువుంటే అణుధూళి తక్కువ అనడం సరే, కానీ దాన్ని శుభ్రమైన బాంబు అనకూడదు. సంలీనంలో న్యూట్రాన్లు విపరీతంగా వస్తాయి. అవి గాలిలోని నైట్రోజన్‌ను కార్బన్-14గా మారుస్తాయి. దానికి అర్ధాయువు (సగానికి తగ్గడానికి పట్టే కాలం) 5,730 ఏళ్ళు. గాలిలో ఎత్తున పేల్చిన బాంబు న్యూట్రాన్లను నేలకు ఇవ్వదు కాబట్టి అవన్నీ గాలికే. సోవియట్ భౌతిక శాస్త్రవేత్త సహరోవ్ 1958లో సరిగ్గా దీని మీదే వ్యాసం రాశాడు, మెగాటన్ను చొప్పున రాబోయే వేల ఏళ్ళలో వేలమంది చనిపోతారని లెక్కగట్టాడు. మూడేళ్ళ తర్వాత ఆ 50 మెగాటన్నుల బాంబు రూపకర్తల్లో ఆయనా ఒకడు. మీ వ్యాసానికి ఇంతకంటే మంచి మలుపు నాకు తోచదు.

1963 నాటికి ఉత్తరార్ధగోళపు గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపైంది. తర్వాత సముద్రం, చెట్లు పీల్చుకుని తగ్గుతూ వచ్చింది. అలా పెరిగి తగ్గిన గ్రాఫు గీత ఇప్పుడు తేదీల కొలబద్ద. ఏనుగు దంతం దంతాల వ్యాపార నిషేధానికి ముందుదా తర్వాతదా, పాత వైన్ అని అమ్ముతున్నది నిజంగా పాతదేనా, దొరికిన పంటి మనిషి ఏ దశకంలో పుట్టాడు, ఇవన్నీ దానితోనే తేలుస్తారు. చిక్కేమిటంటే ఒకే విలువ గీత ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వస్తుంది, అంటే రెండు సంవత్సరాలు సరిపోతాయి. అదే శరీరంలో వేర్వేరు కాలాల్లో పెరిగిన రెండు భాగాల్ని, ఉదాహరణకు రెండు పళ్ళను, కొలిస్తే గానీ ఏ వైపుదో తెలియదు.

పాతఫైళ్ళు:

మన దేశం వైపు నుంచి రెండు తేదీలు వ్యాసంలో పెట్టండి. బ్రావో జరిగిన నెలకే, 1954 ఏప్రిల్ 2న, నెహ్రూ లోక్‌సభలో పరీక్షలను కనీసం నిలిపివేసే ఒప్పందమైనా చేసుకోవాలని అడిగారు. తర్వాత ఆయన కోరిక మీద భౌతిక శాస్త్రవేత్త డి.ఎస్. కొఠారీ నాయకత్వంలో అణు పేలుళ్ళ ప్రభావాల మీద పుస్తకం తయారైంది, ప్రభుత్వ ప్రచురణల విభాగం 1956లో అచ్చేసింది. 1963 ఒప్పందం మీద మాస్కోలో సంతకాలైన మూడు రోజులకే భారత్ సంతకం పెట్టింది. 1998 పోఖ్రాన్‌ను ఈ జాబితాలో కలిపేస్తుంటారు, అది భూగర్భ పరీక్ష.

అణుధూళి లేకుండానే జనం చచ్చిన పరీక్ష కూడా ఒకటుంది. 1955 నవంబరు 22న కజకిస్తాన్‌లోని సెమిపలాటిన్స్క్ దగ్గర సోవియట్ హైడ్రోజన్ బాంబు ఆర్‌డీఎస్-37, 1.6 మెగాటన్నులు, విమానం నుంచి వదిలి గాలిలో పేల్చారు. ఆ రోజు పైన వెచ్చగాలి పొర, కింద చల్లగాలి. పైకి పోవాల్సిన ఆఘాత తరంగం ఆ పొర దగ్గర వంగి నేలకు తిరిగొచ్చింది. కందకం కూలి ఒక సైనికుడు, ఒక ఊళ్ళో చిన్నపాప చనిపోయారు. దూరాన నగరంలో కిటికీలు పగిలాయి. పూర్తి శక్తితో పేల్చి ఉంటే 3 మెగాటన్నులయ్యేది.

కొత్తచూపు:

చివరిగా ఒకటి. ఆనాటి ధూళిని ఇప్పుడు మన నేలలో, బోరు నీళ్ళలో కొలవగలమా?

అర్ధాయువు:

నేలలో కొలవచ్చు. సీజియం-137 అర్ధాయువు 30 ఏళ్ళు, 1963లో పడినదాంట్లో ఇప్పటికి నాలుగో వంతు కంటే కొంచెం తక్కువ మిగిలింది. దున్నని నేలలో, చెరువు పూడికలో అది పొరగా దొరుకుతుంది. పూడికను సన్నని ముక్కలుగా కోసి గామా డిటెక్టర్‌లో పెడితే ఒక లోతులో శిఖరం కనబడుతుంది, అది 1963. దానిపైన ఎంత మందం ఉంటే అప్పటినుంచి అంత పూడిక చేరినట్టు. చెరువు ఎండినప్పుడు పూడిక తీసి పొలాలకు తోలుకెళ్ళిన చోట ఆ పొరే ఉండదు, కాబట్టి ఎప్పుడూ తవ్వని మధ్యభాగాన్ని ఎంచుకోవాలి. దున్నిన పొలంలో శిఖరం వెతక్కూడదు, అక్కడ మొత్తం ఎంత మిగిలిందో చూసి పక్కనున్న కదలని నేలతో పోల్చాలి. తగ్గితే మట్టి కొట్టుకుపోయినట్టు.

నీళ్ళలో కష్టం. బాంబుల ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్ళు. ఐదు అర్ధాయువులు గడిచాయి, ముప్పై రెండో వంతు మిగిలింది. ఇప్పటి వాన ట్రిటియం నుంచి దాన్ని విడదీయలేం. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు భూగర్భ జలాల అధ్యయనాల్లో ఇంకో పద్ధతి కూడా వాడారు: వానాకాలం ముందు వేళ్ళ లోతుకు కింద కొద్దిగా ట్రిటియం నీటిని తామే ఎక్కించి, వానలు వెళ్ళాక మట్టిని పొరలుగా తవ్వి తీసి, అది ఎంత లోతుకు జరిగిందో చూశారు. జరిగిన లోతును ఆ మట్టిలోని తేమతో గుణిస్తే ఆ ఏడాది ఎంత నీరు ఇంకిందో వస్తుంది.